రిబ్బన్‌కి ఇద్దర్ని పిలిచారు

"బేకరీ ఆవిడ ఇద్దర్నీ రమ్మంది. ఇద్దరూ రావాల్సిందేనట" అంటూ కత్తెరమ్మ నడుముకున్న ఏప్రన్ విప్పి కుర్చీ మీదకి విసిరింది. అది కుర్చీ తప్పి కింద వెంట్రుకల కుప్పలో పడింది. ఆవిడ వంగి తీయలేదు.

మధ్య తలుపు తోసుకుని మరిది ఇటు వచ్చాడు. చేతిలో సబ్బు నురగ కారుతున్న బ్రష్షు అలాగే ఉంది.

"నాకూ అదే చెప్పారు వదినా. బేకరీ ఆయన ఇప్పుడే గడ్డం గీయించుకుని వెళ్ళాడు. రేపు పొద్దున వాళ్ళ కొత్త బేకరీకి రిబ్బన్ కత్తిరించాలట. మన కవలలిద్దరూ చెరో పక్కన నిలబడి, చెరో కత్తెరతో కత్తిరిస్తే చూడముచ్చటగా ఉంటుందట."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

"సరేనన్నావా?"

"గొంతు మీద కత్తి ఉంది వదినా. నా గొంతు కాదు, ఆయనది. అప్పుడు కాదని వాదన పెట్టుకుంటే చెయ్యి వణకదూ? సరే, ఆవిడతో నువ్వేమన్నావు?"

కత్తెరమ్మ అద్దం వైపు తిరిగింది. "నేనూ సరేనన్నాను."

"మరి నన్నంటావేం?"

మూల స్టూలు మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతున్న అత్తగారు తల ఎత్తకుండానే అంది. "అన్నారు కదా ఇద్దరూ. ఇంకేం, రేపు పొద్దున్నకి ఇంకో బిడ్డని కనండి."

ఆ ఇంటికి ముందు భాగంలో సెలూన్. దానికి రెండు తలుపులు. పెద్ద వీధి వైపు తలుపు మగవాళ్ళది, అక్కడ మరిది. సందు వైపు తలుపు ఆడవాళ్ళది, ఇక్కడ కత్తెరమ్మ. మధ్యలో గోడ. ఈ వీధికి వచ్చిన కొత్తలో ఎవరో అడిగారు, నిన్న అటు పక్క చూసిన అబ్బాయికీ, ఇవాళ ఇటు పక్క చూసిన అమ్మాయికీ ఇంత పోలికేమిటని. కత్తెరమ్మ నోట కవలలన్న మాట వచ్చేసింది. ఆవిడ కన్నది ఒక్క బిడ్డని. ఇరవై దాటిన ఆ బిడ్డని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కొన్నాళ్ళు అమ్మాయిగా ఇటు, కొన్నాళ్ళు అబ్బాయిగా అటు. ఇంట్లోవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పోయిన ఆదివారం భోజనాల దగ్గర పిచ్చుక కంచం పక్కకి జరిపి, ఇది సరదా కాదు, వేషం కాదు, నేనింతే అని విప్పి చెప్పేదాకా ఎవరూ నోరెత్తలేదు. చెప్పాక కూడా ఎవరూ నోరెత్తలేదు. వారం గడిచింది.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఈ ఇంటి అబద్ధానికి రెండు తలుపులుండేసరికి అది రెండు దారులు పట్టింది.

"అసలు నీ పక్క ఆడవాళ్ళకి వాడి గురించి ఏం చెప్పావు?" అన్నాడు మరిది.

"నోట్లో నాలుక లేని పిల్లాడు, ఆడవాళ్ళని చూస్తే సిగ్గు, అందుకే ఇటు రాడన్నాను. నువ్వేం చెప్పావు?"

"ఆ పిల్లకి కోపం ఎక్కువ, ఎవరైనా అటు తొంగిచూస్తే దువ్వెన పెట్టి కొడుతుందన్నాను."

"ఎందుకయ్యా అలా చెప్పడం?"

"తొంగిచూడకుండా."

అత్తగారు ముఖం తువ్వాలుతో కప్పుకుంది. నవ్వుతోందో విసుక్కుంటోందో తెలియలేదు.

"సరే, ఒకళ్ళకి జ్వరమని చెబుదాం" అన్నాడు మరిది.

"ఎవరికి? అబ్బాయికంటే బేకరీ ఆయన చూడ్డానికి వస్తాడు. అమ్మాయికంటే ఆవిడ రొట్టె పట్టుకుని వస్తుంది."

"ఇద్దరికీ అంటే?"

"కవలలకి జ్వరం కూడా ఒకేసారి వస్తుందట, పదండి చూద్దామని వీధంతా వస్తుంది."

మధ్య తలుపు దగ్గర పకపకా నవ్వు వినిపించింది. పిచ్చుక. ఇవాళ అబ్బాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. భుజాన తువ్వాలు, జుట్టు నున్నగా వెనక్కి దువ్వి ఉంది. పొద్దుటి నుంచి అటు పక్క నిలబడే ఉన్నా కళ్ళలో అలసట లేదు. ఏదో పందెం గెలిచి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఎవరికీ జ్వరం రానక్కర్లేదు బాబాయ్. రేపు నేను వెళ్తున్నాను."

"నువ్వు సరేరా. రిబ్బన్‌కి రెండో పక్క ఎవరు నిలబడతారు?"

"ఎవరూ నిలబడరు. ఇద్దరు లేరు, ఉన్నది నేనేనని చెబుతాను. పొద్దుటి నుంచీ అదే అనుకుంటున్నాను. వీధంతా ఒక్కచోట ఉంటుంది. మళ్ళీ ఒక్కొక్కళ్ళకీ చెప్పుకోవాల్సిన పని ఉండదు. ఇంతకన్నా మంచి రోజు దొరకదు బాబాయ్."

"వద్దు" అంది కత్తెరమ్మ.

"అమ్మా."

"వద్దన్నాను. చెప్పి ఏం చేస్తావు? ఎల్లుండి నుంచి ఆడవాళ్ళు నీ చేతికి తల వంచుతారా? మగవాళ్ళు నీ కత్తికి గొంతు అప్పగిస్తారా? మీ నాన్న ఈ రెండు కుర్చీలూ ఎంత కష్టపడి..."

"వంచేవాళ్ళు వంచుతారు, పోయేవాళ్ళు పోతారు. వంచినవాళ్ళు నాకు వంచుతారమ్మా. ఇప్పుడు వంచుతున్నది నాకు కాదు. నువ్వు చెప్పిన సిగ్గరి పిల్లాడికి, బాబాయ్ చెప్పిన కోపిష్టి పిల్లకి."

"నిన్ను జనం నోట్లో పడకుండా దాచానురా నేను."

"దాచావు. ఎంత బాగా దాచావంటే, ఈ వీధిలో అందరికీ అందరూ తెలుసు. నేనొక్కణ్ణే తెలీదు."

తల కడిగే తొట్టి మీద కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. మరిది వెళ్ళి గట్టిగా కట్టాడు. అది ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలుపెట్టింది.

అత్తగారే ముందు కదిలింది. మడతపెట్టిన తువ్వాళ్ళు పక్కన పెట్టి చేత్తో పిలిచింది. "ఒరే పిచ్చుకా, ఇలా రా. నాకో అనుమానం."

"అడుగు నాయనమ్మా."

"నువ్వు వాడిలా ఉన్నప్పుడు, అది ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు."

"మరి లోపల కూర్చుంటుందా, మన బెంచీ మీద వంతు కోసం కూర్చున్నట్టు?"

పిచ్చుక ఆవిడ మోకాళ్ళ దగ్గర నేల మీద చతికిలపడ్డాడు. ఎవరో ఒకరు ఆ మాట అడిగేదాకా ఎదురుచూసినట్టు మాటలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. "కూర్చోదు నాయనమ్మా, అసలు ఇద్దరు మనుషులుంటే కదా. ఉన్నది నేనే. కొన్ని రోజులు నిద్రలేచేసరికి ఆడపిల్లనని నాకు తెలుస్తుంది. నీకు చలిగా ఉందో ఉక్కగా ఉందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది కదా, అలా. కొన్ని రోజులు మగపిల్లవాణ్ణి. అదీ అంతే నిజం. ఒకటి అసలు, ఒకటి నకిలీ కాదు. నాకు తెలిసినప్పటి నుంచీ ఇంతే."

"నిన్న అది ఉన్నప్పుడు నేను తిట్టాను. ఇవాళ నీకు గుర్తుందా?"

"నువ్వు తిట్టినవి ఏ జన్మలోనైనా గుర్తుంటాయి."

"వెధవాయి" అని ఆవిడ నెత్తి మీద మొట్టింది. "రెండూ నువ్వేనంటున్నావు. మరి రెండూ కలిసి వచ్చిన రోజుందా?"

"ఉంది. అప్పుడప్పుడు."

"ఇరుకుగా ఉండదూ?"

పిచ్చుక తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజే అన్నిటికంటే విశాలంగా ఉంటుంది నాయనమ్మా. ఇంట్లో అన్ని గదుల తలుపులూ తీసి పెట్టినట్టు."

మరిది బ్రష్షు మీద నురగ ఆరిపోయింది. అది చూసుకుని, ఎక్కడ పెట్టాలో తోచక జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ ఇది ఏదన్నా జబ్బేమోరా. డాక్టర్ని..." అన్నాడు మెల్లగా.

"జబ్బు కాదు బాబాయ్. నాలాంటివాళ్ళని బైజెండర్ అంటారు."

"దానికో పేరుందా?" అత్తగారు నిటారుగా కూర్చుంది. "పేరుందంటే ఇంకా మనుషులున్నారన్నమాట. మన ఒక్క ఇంట్లోనే ఉన్నదానికి బయటివాళ్ళు పేరెందుకు పెడతారు?"

"ఉన్నారు నాయనమ్మా. ఒకరితో నేను ఫోన్లో మాట్లాడాను కూడా. బస్సు నడుపుతారు. నేను సగం చెప్పేసరికి మిగతా సగం అటు నుంచి వినిపించింది. ఫోను పెట్టేశాక మేడ మీదకి ఎక్కి ఊరికే అటూ ఇటూ పరిగెత్తాను."

"ఆ రోజు మేడ మీద దబదబా చప్పుడైంది నీదేనా? పిల్లి అనుకుని చెప్పు విసిరానురా" అన్నాడు మరిది.

ముగ్గురూ నవ్వారు. కత్తెరమ్మ నవ్వలేదు. అద్దం ముందున్న దువ్వెనలు తీసి, తుడిచి, మళ్ళీ అదే చోట పెడుతోంది.

"అయితే నాకున్నది ఒక్కళ్ళేనా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నవ్వకండి. కవలలు, కవలలు అని రోజూ చెప్పీ చెప్పీ నాకే నమ్మకం కుదిరిపోయింది. మీ నాన్న పోయాక ఇల్లు బోసిగా అనిపించినప్పుడల్లా, పోనీలే నాకింకా ఇద్దరున్నారు అనుకునేదాన్ని. కొడుకు కొడుకులా ఉన్నాడు, కూతురు కూతురులా ఉంది అనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కరే అని వీధిలో చెప్పాలంటున్నావు. ఒక్కరే అయితే మిగిలిందెవరు? పోయిందెవరు?"

పిచ్చుక లేచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. అద్దంలో ఇద్దరి ముఖాలూ పక్కపక్కన కనబడ్డాయి. ఒకే ముక్కు, ఒకే గడ్డం.

"ఎవరూ పోలేదమ్మా. నువ్వు ముద్దుచేసింది నన్నే, కోప్పడింది నన్నే. ఇద్దరికి పంచావనుకున్నది మొత్తం నాకే వచ్చింది. అందుకే కదా ఇంత పొగరు."

కత్తెరమ్మ చేతిలో దువ్వెన అద్దం ముందు పెట్టేసింది.

"రేపు నువ్వు రాకపోయినా నేను వెళ్తాను. చెప్పకుండా వెళ్ళి నీకు తలవంపులు తేకూడదని ఇవాళే చెబుతున్నాను. వస్తే..." పిచ్చుక అద్దంలో తల్లి కళ్ళలోకి చూశాడు. "నువ్వే చూద్దువుగాని."

అటు పక్క ఎవరో బెంచీ మీద తట్టి పిలిచారు. పిచ్చుక తువ్వాలు సర్దుకుని మగవాళ్ళ వైపు వెళ్ళిపోయాడు. కత్తెరమ్మ అప్పుడు వంగి, వెంట్రుకల కుప్పలోంచి ఏప్రన్ తీసి, దులుపుతూ చాలాసేపు నిలబడింది.

తెల్లారేసరికి ఇల్లంతా హడావుడి. ఎవరు వెళ్తున్నారో, వెళ్ళి ఏం చెబుతారో తేలనే లేదు కానీ అందరూ స్నానాలు చేసేశారు. మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్ద కత్తెర మేకు దగ్గర నూనె చుక్క వేసి, తెరిచి మూసి తెరిచి మూసి చూస్తున్నాడు.

"అది రిబ్బనయ్యా, ఇనుప తీగ కాదు" అంది అత్తగారు.

"వణుకొస్తోందమ్మా. చేతికి పనుంటే కాస్త నయం."

పిచ్చుక వచ్చి తల్లి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో రోజూ తెల్లారగానే కూర్చోవడం అలవాటే. బిడ్డ జుట్టు కత్తెరమ్మ ఇంకెవరి చేతా కత్తిరించనివ్వదు. వెనక్కి దువ్వితే అబ్బాయికి, పక్కకి పాపిడి తీస్తే అమ్మాయికి సరిపోయే పొడుగులో ఉంచుతుంది. ఇన్నేళ్ళుగా ఈ సంగతి మీద తల్లీబిడ్డల మధ్య నడిచిన మాటలు రెండే. 'ఎటు?' అని ఆవిడ అడుగుతుంది. 'వెనక్కి' అనో 'పక్కకి' అనో జవాబు వస్తుంది. తన చేతులకి తెలిసిన నిజాన్ని నోరు ఇన్నాళ్ళు ఒప్పుకోలేదని ఆ పొద్దున ఆవిడకి తోచింది.

"ఎటు?" అంది ఎప్పటిలాగే.

అద్దంలో బిడ్డ ముఖం దీపం పెట్టినట్టుంది.

"ఇవాళ రెండూ అమ్మా."

దువ్వెన గాలిలో ఆగిపోయింది. దానికి ఎలా దువ్వాలో ఆవిడకి తెలీదు. ఆఖరికి దువ్వెన పక్కన పెట్టి, తడి జుట్టుని తువ్వాలుతో ఒత్తి వదిలేసింది. తను సర్దకపోతే ఆ జుట్టు దానంతటది ఎటు వాలుతుందో ఇన్నేళ్ళలో చూడనే లేదు. ముందు అటు కొంచెం, తరవాత ఇటు కొంచెం వాలి, నుదుటి మీద చక్కగా నిలబడింది.

"బాగుంది" అంది కత్తెరమ్మ ఆశ్చర్యపోయి. ఆ తరవాత, ఎవరూ అడక్కుండానే, "ఆగండి, చెప్పులేసుకుని వస్తాను" అంది.

కొత్త బేకరీ ముందు వేడి రొట్టెల వాసన గుప్పుమంటోంది. రెండు స్తంభాలకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. పళ్ళెంలో రెండు కత్తెరలు. ఎవరూ చెప్పకుండానే జనం రెండు పాయలుగా నిలబడ్డారు, ఆడవాళ్ళ వైపు తలలు కత్తెరమ్మవి, మగవాళ్ళ వైపు తలలు మరిదివి. ప్రతి తల మీదా ఈ ఇంటి చెయ్యి ఉంది.

చొక్కా, చెవులకి కమ్మలు, నిండుగా నవ్వు. పిచ్చుక నడిచి వస్తుంటే గుసగుసలు మొదలయ్యాయి.

"అదిగో అబ్బాయి."

"అమ్మాయి కదా. ఆ కమ్మలు నాకు తెలుసు."

"చొక్కా మనవాడిదే. కాలరు మీద మరక కూడా అదే."

బేకరీ ఆవిడ చేతులు చాచుకుంటూ ఎదురొచ్చింది. "వచ్చారా అక్కా. రండి, రండి. ఒకళ్ళొచ్చారు, రెండో వాళ్ళేరి?"

పిచ్చుక నోరు తెరవబోతుంటే కత్తెరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండు. అబద్ధం నాది. నేనే చెబుతాను."

కత్తెరమ్మ గుండెల్లో, ఎందుకో, చిన్నప్పుడు ఊయల పైకి వెళ్ళినప్పుడు అయినట్టు అయింది.

"నాకు కవలలు లేరు. నేను కన్నది ఒక్కరినే. అటు పక్క మీకు గడ్డాలు గీసిన అబ్బాయి, ఇటు పక్క మీకు జడలు కత్తిరించిన అమ్మాయి ఇదిగో, ఈ బిడ్డే. బిడ్డ మిమ్మల్ని మోసం చెయ్యలేదు. వేషం వెయ్యలేదు. నిజం చెప్పే ధైర్యం లేక ఇద్దరని చెప్పింది నేను. కొన్ని రోజులు అమ్మాయి, కొన్ని రోజులు అబ్బాయి. ఉన్నది మాత్రం ఒక్క మనిషే. ఇవాళ..." ఆవిడ బిడ్డ వైపు తిరిగింది. పిచ్చుక కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. "ఇవాళ రెండూనట."

జనం పిచ్చుక కమ్మల వైపు, చొక్కా వైపు మార్చి మార్చి చూశారు.

ఒకావిడ కూతురి రెక్క పట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఇద్దరు మగవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. మీసాల పెద్దాయనొకడు కర్ర ఆనించుకుని ముందుకొచ్చాడు.

"అయితే నా మీసం సరిచేసేది నువ్వేనా?"

"నేనే తాతా."

"మా ముసల్దాని జుట్టుకి రంగు వేసేది?"

"అదీ నేనే."

పెద్దాయన ఆలోచించాడు. "రెండూ బాగానే చేస్తున్నావులే" అని పక్కకి జరిగి నిలబడ్డాడు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకుంది. కత్తెరమ్మకి ఊపిరి ఆడింది. మరిది వెనకాల నుంచి ఆవిడ భుజం తట్టబోయి, వదిన కదా అని గుర్తొచ్చి తన చెయ్యే తను తట్టుకున్నాడు.

బేకరీ ఆవిడ పళ్ళెంలోంచి ఒక కత్తెర తీసి పక్కన పెట్టింది. రెండోది పిచ్చుక చేతిలో పెట్టింది. "ఇద్దరని రెండు తెచ్చాను. ఇప్పుడు ఒకటి చాలుగా. కానివ్వమ్మా... అబ్బాయ్... కానివ్వు తల్లీ, నాకు అలవాటయ్యేదాకా ఓర్చుకో."

పిచ్చుక ముందుకి వచ్చి కత్తెర తెరిచింది. ఎర్ర రిబ్బన్ రెండు అంచుల మధ్యకి వచ్చింది. జనం చప్పట్లకి చేతులెత్తారు.

"ఆగు" అంది బేకరీ ఆవిడ.

ఆవిడ ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది. పిచ్చుక దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. పక్కనే ఉన్న కత్తెరమ్మకి మాత్రం ప్రతి మాటా వినబడింది.

"మొన్న జుట్టు కత్తిరించుకుంటూ ఈ బేకరీ గురించి నీకో మాట చెప్పాను. కుర్చీలో కూర్చుంటే నా నోరు ఆగదు కదా. గుర్తుందా?"

"ఉందండీ."

"మా ఆయన అటు పక్క నీ దగ్గర కూడా గడ్డం గీయించుకుంటాడుగా? ఆయనతో అన్నావా?"

"కుర్చీలో విన్న మాట కుర్చీ దాటదండీ."

ఆ ఒక్క మాట చెవిన పడగానే బేకరీ ఆయన కూడా గబగబా దగ్గరికి వచ్చాడు. నుదురంతా చెమట. "నేను చెప్పింది కూడా దాటలేదు కదా?"

"దాటలేదండీ."

భార్య మెల్లగా భర్త వైపు తిరిగింది. "అంటే, మీరూ ఏదో చెప్పారన్నమాట."

"నువ్వేం చెప్పావు?"

"ముందు మీరు చెప్పండి."

"ముందు నువ్వు."

ఒకరి ముఖం ఒకరు కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నారు. వెనక వరసల్లోంచి 'ఏమైంది, కత్తిరించరేం' అన్న అరుపులు వస్తున్నాయి. తెరిచిన కత్తెర రిబ్బన్ మీదే ఉంది. పిచ్చుక చెయ్యి ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

బేకరీ ఆవిడ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మా ఇద్దరి మనసుల్లో మాటా విన్న మనిషివి ఈ వీధిలో నువ్వొక్కరివే" అంది. "నువ్వు చెప్పు. ఈ రిబ్బన్ కత్తిరించాలా, వద్దా?"